పాత 5 హార్స్‌పవర్ సైడ్ వాల్వ్ ఇంజన్: ముందు గవర్నర్ తీయాలా, హెడ్ కోయించాలా?

పాతఇనుము:
బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ 5 హార్స్‌పవర్ సైడ్ వాల్వ్ ఇంజన్ (వాల్వులు హెడ్‌లో కాక సిలిండర్ పక్కన ఉండేది), అడ్డ షాఫ్ట్ రకం. బోర్ 65.1 మి.మీ., స్ట్రోక్ 61.9 మి.మీ., 206 సీసీ. లోపల అల్యూమినియం కనెక్టింగ్ రాడ్, పైన పోత ఇనుము ఫ్లైవీల్, దాని కింద కాంటాక్ట్ పాయింట్లు. వేగాన్ని అదుపు చేసే గవర్నర్ 3600 ఆర్‌పీఎం దగ్గర పట్టేస్తుంది. బోర్ అరగలేదు, రింగులు కొత్తవి. చిన్న కార్ట్‌కి బిగించి 7 హార్స్‌పవర్ దాకా లాగించాలి. అనుకున్న వరుస: గవర్నర్ తీసేయడం, హెడ్ (సిలిండర్ మీది మూత) 2.5 మి.మీ. కోయించడం, ఆఫ్‌సెట్ కీ (ఫ్లైవీల్‌ని షాఫ్ట్ మీద కొంచెం పక్కకి జరిపే మెట్టు కీ) వేసి టైమింగ్, అంటే స్పార్క్ పడే సమయం, 4 డిగ్రీలు ముందుకు జరపడం. ఇందులో తప్పేముందో చెప్పండి.

లేత్‌మాస్టర్:
వరుస తలకిందులైంది. గవర్నర్ అన్నిటికంటే చివర తీయాల్సింది. దాన్ని ముందే తీస్తే, మిగతా పనులు మొదలయ్యేలోపే రాడ్ క్రాంక్‌కేస్‌కి చిల్లు పెడుతుంది.

ముందు లెక్క చూడండి. 3600 దగ్గర 5 హార్స్‌పవర్ అంటే సుమారు 9.9 న్యూటన్ మీటర్ల టార్క్. అదే వేగంలో 7 కావాలంటే టార్క్ 40 శాతం పెరగాలి. ఈ హెడ్‌తో అది అయ్యే పని కాదు. అదే టార్క్ 5000 దాకా నిలబడితే 6.9 వస్తుంది. అంటే మీరు అడుగుతున్నది నిజానికి వేగం. వేగం పెరిగితే రాడ్ మీద జడత్వ భారం వర్గంలో పెరుగుతుంది: 5000కి దాదాపు 1.9 రెట్లు, 5500కి 2.3 రెట్లు. ఎగ్జాస్ట్ స్ట్రోక్ చివర పిస్టన్‌ని వెనక్కి లాగేది ఆ రాడ్ ఒక్కటే. ఎదురుగా గ్యాస్ ఒత్తిడి కూడా ఉండదు. తెగేది అక్కడే.

ఫ్లైవీల్ సంగతి ఇంకా గట్టిగా చెప్పాలి. పోత ఇనుము లాగుడుకి ఆగదు, కంటికి కనిపించని చీలిక ఉన్నా పగులుతుంది. పగిలితే ముక్కల్ని పైన ఉన్న రేకు కవర్ ఆపలేదు. పోత ఇనుము ఫ్లైవీల్ ఉన్నంతకాలం 3600 దాటించకండి. దాటించాలంటే గట్టి దిమ్మ నుంచి చెక్కిన బిల్లెట్ ఫ్లైవీల్, బేరింగ్ షెల్స్ ఉన్న బిల్లెట్ రాడ్, గట్టి వాల్వ్ స్ప్రింగులు, మూడూ కలిపి వేయాలి. ఒకటి వేసి రెండు వదిలేస్తే డబ్బూ పోతుంది, ఇంజనూ పోతుంది.

రాడ్ మారుస్తుంటే కొన్ని సంగతులు. రాడ్ కొంచెం పొడవైనా పిస్టన్ డెక్ (సిలిండర్ బ్లాక్ పై ముఖం) మీదికి లేస్తుంది, కాబట్టి డెక్ ఎత్తు మళ్లీ కొలవాలి. రాడ్ క్యాప్ బోల్టు తల క్యామ్‌షాఫ్ట్‌కి తగలొచ్చు. క్రాంక్‌ని చేత్తో రెండు పూర్తి చుట్లు తిప్పి చూడందే సైడ్ కవర్ మూయకండి. పాత రాడ్‌కి బోల్టు బిగింపు 100 అంగుళ పౌండ్లు (11.3 న్యూటన్ మీటర్లు). కొత్త రాడ్‌కి దాన్ని చేసినవాళ్లు ఇచ్చిన అంకే వాడాలి. రాడ్ అడుగున ఆయిలు చిమ్మే డిప్పర్ కొత్త రాడ్‌కీ ఉందో లేదో చూడండి. ఈ ఇంజన్‌కి ఆయిలు పంపు లేదు, ఆ చిన్న నాలికే అన్నిటికీ దిక్కు.

వాల్వుసీటు:
హెడ్ కోత గురించి. 2.5 మి.మీ. అని ముందే అనేసుకోకూడదు, కొలిచి తేల్చాలి. హెడ్‌ని బోర్లా తిప్పి చాంబర్ పైకి ఉండేలా పెట్టండి, ప్లగ్ బిగించి ఉంచండి, అంచుకి గ్రీజు రాసి చిన్న రంధ్రం ఉన్న అద్దం పలక మూయండి, సిరంజితో కిరోసిన్ నింపుతూ ఎన్ని సీసీలు పట్టిందో రాసుకోండి. దానికి గాస్కెట్ మందంలోని ఖాళీ, పిస్టన్ డెక్ కింద ఆగితే ఆ ఖాళీ కలపాలి.

కంప్రెషన్ రేషియో 6 నుంచి 7కి పెంచితే సిద్ధాంతంలో దక్కేది 5–6 శాతమే. అంతకన్నా ముఖ్యమైనది ఒకటుంది. సైడ్ వాల్వ్‌లో గాలి వాల్వు దగ్గర పైకి లేచి, హెడ్ కింద పక్కకి మళ్లి, సిలిండర్‌లోకి దిగుతుంది. హెడ్ ఎంత కోస్తే ఆ దారి అంత ఇరుకవుతుంది. కంప్రెషన్‌తో వచ్చింది ఊపిరి ఆడక పోతుంది. హ్యారీ రికార్డో 1919 నాటి హెడ్‌లో పిస్టన్ మీద పలచగా, వాల్వుల మీద లోతుగా ఉంచింది ఇందుకే. మొత్తం ముఖం కోస్తే రెండు చోట్లా ఒకేలా తగ్గుతుంది. 6.5 దగ్గర ఆగి, మిగతా ఓపిక వాల్వుల మీద పెట్టండి.

వాల్వుల్లో చాలామంది తప్పేది ఇక్కడ: ఈ ఇంజన్‌లో వాల్వు కాడకీ, దాన్ని పైకి నెట్టే ట్యాపెట్‌కీ మధ్య గ్యాప్ సర్దే స్క్రూ లేదు. సీటు కోసినా, వాల్వు ముఖం సాన పట్టినా వాల్వు కిందికి దిగి గ్యాప్ తగ్గుతుంది. అప్పుడు కాడ చివర సాన పట్టి గ్యాప్ తెచ్చుకోవాలి. ఇన్‌టేక్ 0.13–0.18, ఎగ్జాస్ట్ 0.23–0.28 మి.మీ., ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు. కాడని ఒక్కసారి రెండు రాపిళ్లకి మించి పట్టకండి. చివర వంకర లేకుండా కాడకి లంబంగా ఉండాలి, లేకపోతే ట్యాపెట్ మీద ఒకవైపే నొక్కుతుంది. ఎక్కువ పోయిందా, మళ్లీ సీటు దించడమే. సీటు వెడల్పు 1.2–1.6 మి.మీ. పరుగు కోసం ఇన్‌టేక్ సీటు సన్నం చేసినా ఎగ్జాస్ట్ జోలికి పోవద్దు, వాల్వు వేడి దిగేది ఆ సీటు గుండానే. సీటు కింద పోర్టులో పోత గట్టు ఉంటుంది, దాన్ని నున్నగా తీసేస్తే హెడ్ కోతకన్నా ఎక్కువ మేలు.

స్పార్క్‌గ్యాప్:
ఆఫ్‌సెట్ కీ మీ ఇంజన్‌లో టైమింగ్‌ని మార్చదు! ఇది ఎవరూ చెప్పలేదు కాబట్టి రాస్తున్నాను. కాంటాక్ట్ పాయింట్లని తెరిచేది క్రాంక్‌షాఫ్ట్. స్పార్క్ పడేది పాయింట్లు విడిపోయినప్పుడు. ఫ్లైవీల్‌ని జరిపితే అయస్కాంతం కాయిల్ దాటే సమయం మాత్రం మారి, స్పార్క్ బలహీనపడుతుంది. 1982లో వచ్చిన మాగ్నెట్రాన్ మాడ్యూల్‌లో పాయింట్లు ఉండవు, అయస్కాంతం దాటినప్పుడే స్పార్క్. కీ జరిపితే టైమింగ్ మారేది అందులో. ఆ మాడ్యూల్ మీ ఫ్లైవీల్ అయస్కాంతంతో కుదిరితే మార్చుకోండి. అప్పుడు ఫ్లైవీల్ తిరిగే దిశలోనే ముందుకు జరగాలి. కీ దగ్గర షాఫ్ట్ 22 మి.మీ. అయితే 4 డిగ్రీలంటే 0.77 మి.మీ.

పాయింట్లే ఉంచుతారా, గ్యాప్ 0.5 మి.మీ. పెట్టి వదిలేయండి. కాయిల్‌కీ ఫ్లైవీల్‌కీ మధ్య 0.25–0.35, ప్లగ్ 0.75.

ఇంకోటి, ఫ్లైవీల్‌ని పట్టి ఉంచేది కీ కాదు, టేపర్ (షాఫ్ట్ చివర సన్నబడే భాగం). కీ మెత్తని లోహం, వరుస చూపించడానికే. టేపర్‌కి గ్రైండింగ్ పేస్ట్ రాసి ఫ్లైవీల్‌ని చేత్తో అటూ ఇటూ తిప్పితే రెండూ తాకే చోట బూడిదరంగు పట్టీ వస్తుంది. అది చుట్టూ సమానంగా వచ్చేదాకా చేసి, పేస్ట్ చుక్క లేకుండా తుడిచి, ఆయిలు తగలకుండా పొడిగా బిగించండి. పేస్ట్ ఒక్క చుక్క ఫ్లైవీల్ వైపు సీల్‌లోకి పోయినా బేరింగ్ అరుగుతుంది.

పాతఇనుము:
గవర్నర్, కీ రెండూ పక్కన పెట్టాను. హెడ్ కొలిచాను: చాంబర్ 38 సీసీ, గాస్కెట్ నొక్కుకున్నాక 1.2 మి.మీ., పిస్టన్ డెక్‌తో సమానం. చాంబర్ నోరు గ్రాఫ్ కాగితం మీద గీస్తే 52 చ.సెం.మీ. ఎంత కోయించాలి?

వాల్వుసీటు:
గాస్కెట్ ఖాళీ 6.2 సీసీ, మొత్తం 44.2. ఇప్పటి రేషియో 5.7. రేషియో 6.5 కావాలంటే ఖాళీ 37.5 ఉండాలి, అంటే 6.7 సీసీ తగ్గాలి. 1 మి.మీ. కోస్తే 5.2 సీసీ పోతుంది, కాబట్టి 1.3 మి.మీ. కోత.

కోయించే ముందు వాల్వుల తలల మీద మట్టి ముద్దలు పెట్టి, పాత గాస్కెట్‌తో హెడ్ బిగించి చేత్తో రెండు చుట్లు తిప్పండి. నలిగిన మట్టి మందం 2.8 మి.మీ. కన్నా తక్కువుంటే 1.3 కోయించకండి, కోశాక 1.5 మిగలాలి.

హెడ్ బోల్టులు 140 అంగుళ పౌండ్లు (15.8 న్యూటన్ మీటర్లు), మూడు విడతల్లో, ఒక్కో విడతలో అన్నిటినీ ఎదురెదురుగా చుట్టూ బిగిస్తూ. మొదటిసారి వేడెక్కించి పూర్తిగా చల్లారాక ఇంకోసారి చూడండి.

లేత్‌మాస్టర్:
కార్బొరేటర్ ట్యాంక్ మీద కూర్చునే పల్సా-జెట్ అయితే సూది ఒకటిన్నర చుట్లు తెరిచి మొదలెట్టండి, చివరి సర్దుబాటు లోడ్ మీద చేయండి. పోర్టులు తెరిచాక పాత సెట్టింగ్‌లో మిశ్రమం పలచబడుతుంది, అంటే గాలికి తగినంత పెట్రోలు అందదు. ఆ స్థితిలో పూర్తి థ్రాటిల్‌తో నడిపితే ముందు పోయేది ఎగ్జాస్ట్ వాల్వు.