రెండు రోజులు నిలబెడితే బ్యాటరీ డౌన్, బ్రేక్ తొక్కితే ఇండికేటర్ వెలుగుతోంది. ముందు ఎక్కడ చూడాలి?

హన్మకొండ నుంచి (ప్రశ్న):
అందరికీ నమస్తే. సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్న చిన్న పెట్రోల్ కారు, 2015 మోడల్. కంపెనీ పేరు కావాలనే రాయట్లేదు, రాస్తే చర్చంతా ఏ కారు మంచిదనే దాని మీదికి పోతుంది. రోజూ తిప్పితే ఏ ఇబ్బందీ లేదు కానీ శని, ఆదివారాలు ఇంటి ముందు నిలబెట్టి సోమవారం పొద్దున తాళం తిప్పితే సెల్ఫ్ టక్ టక్ అంటుంది తప్ప ఇంజన్ తిరగదు. ఎదురింటివాళ్లను పిలిచి తోయించుకోవడం నాకూ అలవాటైంది, వాళ్లకూ అలవాటైంది. బ్యాటరీ వేసి ఏడాది కూడా కాలేదు, 35 ఏహెచ్‌ది (ఆంపియర్ అవర్, అంటే బ్యాటరీ పట్టే కరెంటు లెక్క), షాపులో చూసి బాగానే ఉందన్నారు. ఇది కాక ఇంకోటి, రాత్రి లైట్లు వేసి బ్రేక్ తొక్కితే వెనక ఎడమవైపు ఇండికేటర్ సన్నగా వెలుగుతోందని మా తమ్ముడు వెనక నిలబడి చూసి చెప్పాడు. ఆ వైపు బ్రేక్ లైటు కూడా గుడ్డిగా ఉంది. ఒక మెకానిక్ ఆల్టర్నేటర్ (ఇంజన్ తిరిగేటప్పుడు బ్యాటరీని చార్జ్ చేసేది) మార్చాలన్నాడు, ఇంకొకాయన వైరింగ్ కిట్ మొత్తం మార్చాలన్నాడు. ఆ ఖర్చు విన్నప్పటి నుంచి టెన్షన్. ఇంట్లో మల్టీమీటర్ ఉంది, వాడటం కొద్దిగా వచ్చు.

పరకాల నుంచి:
ఆల్టర్నేటరే అన్నా. మా బావ కారుకు కూడా ఇట్లనే అయింది. మార్చేయండి, పీడ పోతుంది.

కాజీపేట నుంచి (ఆటో ఎలక్ట్రీషియన్):
పరకాల అన్నా, చార్జింగ్ రాకపోతే రోజూ తిప్పే బండి కూడా దారిలో ఆగిపోవాలి కదా. తిప్పినన్ని రోజులు బాగుండి నిలబెడితేనే డౌన్ అవుతోందంటే, నిలబడ్డప్పుడు ఏదో ఒకటి కరెంటు తాగుతోంది. ఆల్టర్నేటర్ లోపల డయోడ్ (కరెంటును ఒక వైపే పోనిచ్చేది) లీకైనా రాత్రంతా తాగుతుంది, అది నిజమే, కానీ కొలవకుండా దాన్ని విప్పే పని పెట్టుకోవద్దు.

హన్మకొండ అన్నా, ముందు రెండు కొలతలు చూడండి. మీటర్‌ను డీసీ 20 వోల్టుల మీద పెట్టి, రాత్రంతా నిలబెట్టిన బండికి పొద్దున తాళం పెట్టకముందే బ్యాటరీ మీద చూడండి. 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.4 ఉంటే ముప్పావు వంతు, 12కి వచ్చిందంటే దాదాపు ఖాళీ. తర్వాత ఇంజన్ స్టార్ట్ చేసి, హెడ్‌లైట్, బ్లోయర్ వేసి మళ్లీ చూడండి, 13.8 నుంచి 14.5 మధ్యలో ఉంటే చార్జింగ్ సరిగ్గానే వస్తోంది, ఆల్టర్నేటర్ మాట ఇప్పటికి పక్కన పెట్టొచ్చు.

ఇండికేటర్ సంగతి వేరే. ఈ రెండు సమస్యలకూ సంబంధం లేదనే నా అనుమానం. రెండూ ఒకే బండిలో ఉండేసరికి "కిట్ మొత్తం పోయింది" అని చెప్పడం తేలిక, అంతే. కిట్ మార్చడమంటే డ్యాష్‌బోర్డు విప్పాలి, విప్పిన డ్యాష్‌బోర్డు మళ్లీ ఎప్పటిలా కూర్చోదు, గుంతల రోడ్డెక్కితే కిర్రు కిర్రు మంటూనే ఉంటుంది.

జమ్మికుంట నుంచి:
సెకండ్ హ్యాండ్ అన్నారు కాబట్టి అడుగుతున్నా, బండి నీళ్లలో మునిగిందేమో చూశారా? 2020 ఆగస్టులో, 2023 జూలైలో వరంగల్, హన్మకొండ కాలనీల్లో ఎన్ని కార్లు మునిగాయో అందరికీ తెలుసు. వాటిలో కొన్ని కడిగి, పాలిష్ కొట్టి అమ్మకానికి వచ్చాయి. సీటు బెల్టును చివరిదాకా లాగి చూడండి, మునిగిన బండైతే ఆ చివర బురద గీత ఉంటుంది. సీటు కింద పట్టాలకు తుప్పు, మ్యాట్ కింద కప్లర్లలో (వైర్లను కలిపే ప్లగ్గుల్లో) పచ్చటి చిలుము కనిపిస్తే మాత్రం ఇది ఒకటి రెండు రిపేర్లతో పోయేది కాదు.

హన్మకొండ నుంచి:
బెల్టు చివరిదాకా శుభ్రంగా ఉంది, సీటు పట్టాలు కూడా. మ్యాట్ కింద పొడిగానే ఉంది. కొలతలు: పొద్దున 12.3, స్టార్ట్ చేసి అన్నీ వేస్తే 14.1. అంటే ఆల్టర్నేటర్ కాదన్నట్టే కదా? ఆ తాగేది ఏంటో ఎట్లా పట్టుకోవాలి?

కాజీపేట నుంచి (ఆటో ఎలక్ట్రీషియన్):
చార్జింగ్ బాగుంది. ఇక దొంగను పట్టుకునే పని, ఓపికగా చేయాలి.

మీటర్ ఎర్ర వైరును 10 ఏ అని రాసి ఉన్న రంధ్రంలోకి మార్చండి, నాబ్‌ను 10 ఆంపియర్ల మీదికి తిప్పండి. బానెట్ తెరిచి, తాళం తీసేసి, డోర్లన్నీ మూయండి. ఫ్యూజు బాక్సు దగ్గరికి చేయి పోవాలి కాబట్టి డ్రైవర్ డోర్ తెరిచే ఉంచాల్సి వస్తే, ఆ డోర్ లాక్ నాలుకను స్క్రూ డ్రైవర్‌తో లోపలికి నొక్కి మూసినట్టు చేయండి, స్విచ్ డోర్ ఫ్రేముకు ఉన్న బండ్లలో ఆ రబ్బరు బటన్‌ను టేపుతో అణచాలి. లేకపోతే రూఫ్ లైటు వెలిగి, దాని కరెంటునే మీరు కొలుస్తూ కూర్చుంటారు. ఇప్పుడు బ్యాటరీ నెగటివ్ టర్మినల్ విప్పి, ఆ వైరుకూ బ్యాటరీ నెగటివ్ బుడిపెకూ మధ్య మీటర్ పెట్టండి. పెట్టగానే ఒకటి రెండు ఆంపియర్లు చూపిస్తే కంగారు పడొద్దు, లోపలి కంప్యూటర్లు నిద్రపోవడానికి 20 నుంచి 30 నిమిషాలు పడుతుంది. ఆ తర్వాత 0.05 లోపు ఉంటే మామూలే, గడియారానికి, ఇమ్మొబిలైజర్‌కు (దొంగ తాళంతో స్టార్ట్ కాకుండా ఆపేది), స్టీరియో మెమరీకి ఆమాత్రం పోతుంది.

ముఖ్యమైనది, మీటర్ అలా కలిపి ఉన్నంతసేపూ తాళం తిప్పొద్దు, సెల్ఫ్ అసలే కొట్టొద్దు. సెల్ఫ్ వంద ఆంపియర్ల పైనే లాగుతుంది, మీటర్‌లో ఫ్యూజు ఎగిరిపోతుంది, ఫ్యూజు లేని చౌక మీటరైతే మీటరే పోతుంది.

0.05 కన్నా బాగా ఎక్కువ ఉంటే ఫ్యూజులు ఒక్కొక్కటే పీకుతూ మీటర్ చూడండి. ఏది పీకితే అంకె పడిపోతుందో ఆ లైనులో ఉన్నట్టు. పీకిన ఫ్యూజును దాని చోటనే మళ్లీ పెట్టాకే ఇంకోటి పీకండి. 10 ఎర్రది, 15 నీలం, 20 పసుపు, 30 ఆకుపచ్చ, ఈ రంగులు అన్ని కంపెనీలకూ ఒకటే.

పరకాల నుంచి:
సరే, ఆల్టర్నేటర్ మాట వెనక్కి తీసుకుంటున్నా. హెడ్‌లైట్లకు 100/90 బల్బులు వేయించారేమో అడగండి, మా వైపు అందరూ అవే వేయిస్తారు, రోడ్డు మంచిగ కనబడుతుంది.

కాజీపేట నుంచి (ఆటో ఎలక్ట్రీషియన్):
నిలబెట్టిన బండికీ హెడ్‌లైట్ బల్బుకూ సంబంధం లేదు కానీ, ఈ మాట వచ్చింది కాబట్టి చెప్తా. కంపెనీ ఇచ్చేది 60/55 వాట్లు. రెండు బల్బులకు హైబీమ్‌లో 120 వాట్లు, అంటే 12 వోల్టుల మీద 10 ఆంపియర్లు. 100 వాట్లవి వేస్తే 16, 17 ఆంపియర్లు అదే సన్న వైరు మీద, అదే స్విచ్ మీద పోవాలి. హోల్డర్ ప్లాస్టిక్ కరిగి బల్బుకు అతుక్కుపోయినవి నా దగ్గరికి వస్తూనే ఉంటాయి. ఫ్యూజు ఎగిరిందని 15 తీసి 30 పెట్టేవాళ్లు, సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టేవాళ్లు కూడా ఉన్నారు. ఫ్యూజు ఉండేది వైరును కాపాడటానికి. అది ఎగరకపోతే వైరు కాలుతుంది.

నర్సంపేట నుంచి:
మధ్యలో దూరుతున్నందుకు ఏమనుకోకండి. మా బండికి ఎలుకలతో చావొచ్చింది. ఇల్లు పొలాల పక్కనే, వరికోతలయ్యాక అవన్నీ బానెట్‌లోకే వస్తాయి, పందికొక్కులు కూడా. పొగాకు, కలరా ఉండలు పెట్టినా కొరికాయి. ఈ కేసులో కూడా వైరు కొరికి ఉండొచ్చా?

కాజీపేట నుంచి (ఆటో ఎలక్ట్రీషియన్):
ఉండొచ్చు. కానీ ఎలుక కొరికితే మామూలుగా ఏదో ఒకటి పనిచేయడం మానేస్తుంది, లేదా ఫ్యూజు ఎగురుతుంది, ఇంజన్ లైటు వెలుగుతుంది. మీకైతే నా సలహా, ఎలుక పళ్లు బతికినన్నాళ్లూ పెరుగుతూనే ఉంటాయి కాబట్టి ఏదో ఒకటి కొరకక తప్పదు, వాసనలకు కొన్ని రోజుల్లో అలవాటు పడతాయి. కింద నుంచి దూరే సందులకు సన్నకన్ను ఇనుప జాలీ కట్టించండి, సైలెన్సర్‌కు, బెల్టులకు తగలకుండా. రాత్రి బానెట్ ఎత్తి ఉంచినా చాలావరకు రావు, వాటికి చీకటి, వెచ్చదనం కావాలి. కారులో బిస్కెట్లు, పల్లీలు వదలొద్దు.

తెగిన వైరును మెలేసి ఉత్త టేపు చుట్టించుకోకండి. మే నెలలో రామగుండం, మంచిర్యాల వైపు ఎండ 45 దాటుతుంది, బానెట్ లోపల ఇంకెంత ఉంటుందో చూసుకోండి, టేపు బంక కరిగి ఊడొస్తుంది. టంకం వేసి హీట్ స్లీవ్ ఎక్కించాలి, లేదా మంచి క్రింప్ కొట్టించాలి.

హన్మకొండ నుంచి:
అన్నా, దొరికినట్టే దొరికి తప్పించుకుంది. అరగంట ఆగాక 0.38 చూపించింది. ఫ్యూజులు పీకుతూ పోతే ఆడియో అని రాసి ఉన్న 15 ఆంపియర్ల నీలం ఫ్యూజు పీకగానే 0.03కి పడింది. సరే స్టీరియోనే అనుకొని బయటకు లాగి వెనక కప్లర్ పీకేశాను. ఫ్యూజు మళ్లీ పెడితే అదే 0.38! స్టీరియో చేతిలో ఉంది, తాగేది తాగుతూనే ఉంది.

కాజీపేట నుంచి (ఆటో ఎలక్ట్రీషియన్):
లెక్క చూడండి, 0.38 ఇంటూ 24 అంటే రోజుకు 9 ఏహెచ్ పైన. 35 ఏహెచ్ బ్యాటరీలో రెండు రోజులకు సగానికి పైనే ఖాళీ. సోమవారం సెల్ఫ్ కొట్టకపోవడానికి ఇది చాలు.

ఒకటి అడుగుతా. డిక్కీలో బాస్ బాక్సు, ఆంప్లిఫయర్ (స్పీకర్లకు సౌండ్ పెంచే పెట్టె, ఆంప్ అంటారు) ఉన్నాయా? ఉంటే ఆంప్ మీద చిన్న లైటు, తాళం తీశాక కూడా వెలుగుతోందా? బాక్సు మీద చేయి పెట్టి చూడండి, వెచ్చగా ఉంటుంది.

హన్మకొండ నుంచి:
ఉంది! పాత ఓనర్ పెట్టించింది. నేను పాటలు పెద్దగా వినను, దాన్ని పట్టించుకోనే లేదు. ఎర్ర లైటు వెలుగుతోంది, ఆంప్ వెచ్చగా ఉంది. కానీ దాని కరెంటు వైరు లావుగా నేరుగా బ్యాటరీ నుంచి వచ్చింది, మరి ఆడియో ఫ్యూజు పీకితే ఎందుకు ఆగింది?

కాజీపేట నుంచి (ఆటో ఎలక్ట్రీషియన్):
అందుకే చాలామంది ఇక్కడ తప్పిపోతారు. ఆంప్‌కు లావు వైరుతో పాటు సన్నది ఇంకోటి వస్తుంది, నీలం మీద తెల్ల గీత. అది రిమోట్ వైరు. దాంట్లో 12 వోల్టులు వచ్చినప్పుడే ఆంప్ ఆన్ అవుతుంది. బయట కొనే స్టీరియోల్లో వెనక పసుపు వైరు ఎప్పుడూ కరెంటు ఉండేది, ఎరుపు తాళం తిప్పితే వచ్చేది, నలుపు ఎర్త్, అంటే కరెంటు బాడీ గుండా బ్యాటరీకి తిరిగి వెళ్లే దారి. ఈ నీలం వైరును స్టీరియోలోని నీలానికే కలపాలి, స్టీరియో ఆపితే ఆంప్ కూడా ఆగాలి. పెట్టినవాళ్లు పని తొందరగా అయిపోవాలని దాన్ని పసుపులో కలిపి ఉంటారు, అదీ కప్లర్‌కు ముందే. అందుకే స్టీరియో చేతిలోకి వచ్చినా ఆంప్ మేలుకొనే ఉంది. ఫ్యూజు పీకితే పసుపులో కరెంటు పోయింది, ఆంప్ పడుకుంది. డ్యాష్‌బోర్డు వెనక పసుపు వైరు మీద టేపు చుట్టిన అతుకు వెతకండి.

హన్మకొండ నుంచి:
అక్షరాలా అంతే. పసుపు వైరును మధ్యలో చెక్కి నీలాన్ని చుట్టి, పైన టేపు వేశారు, టేపు జారి రాగి బయటపడి ఉంది, పక్కనే ఇనుప క్లాంపు. ఇంకొంచెం జరిగితే తగిలేది. నీలం విడదీసి, పసుపుకు స్లీవ్ ఎక్కించాను. ఇప్పుడు 0.03.

ఇక ఆ వెనక లైటు?

కాజీపేట నుంచి (ఆటో ఎలక్ట్రీషియన్):
అది ఎర్త్ సమస్య. బ్రేక్, పార్కింగ్ రెండూ ఒకే బల్బులో రెండు తీగలు, 21 వాట్లు ఒకటి, 5 వాట్లు ఇంకోటి. ఇండికేటర్ బల్బు పక్కన వేరే. అన్నిటికీ కలిపి ఒకటే నల్ల వైరు పోయి బాడీకి బోల్టుతో బిగించి ఉంటుంది. ఆ బోల్టు దగ్గర తుప్పు పడితే బ్రేక్ లైటు కరెంటుకు వెనక్కి వెళ్లే దారి ఉండదు, మూసిన కాలువలో నీళ్లు పక్క మడిలోకి ఎక్కినట్టు ఇండికేటర్ తీగలో నుంచి పోయి వేరే చోట ఎర్త్ వెతుక్కుంటుంది. అందుకే అది సన్నగా వెలుగుతుంది, ఇది గుడ్డిగా వెలుగుతుంది. ఎవరినైనా బ్రేక్ తొక్కమని, ఆ హోల్డర్ నల్ల వైరుకూ డిక్కీలో పెయింటు లేని ఇనుముకూ మధ్య వోల్టులు చూడండి. 0.2 దాటకూడదు.

హన్మకొండ నుంచి:
3.4 వచ్చింది! డిక్కీలో ఎడమవైపు అట్ట తీస్తే బోల్టు దొరికింది, రింగ్ కింద ఎర్రటి తుప్పు. ఉప్పు కాగితంతో తెల్లటి ఇనుము వచ్చేదాకా రుద్ది, బిగించి, పైన వ్యాజిలిన్ రాశాను. ఇప్పుడు 0.04. బ్రేక్ లైటు రెండు వైపులా ఒకేలా ఉంది.

ఆంప్ మాత్రం మా తమ్ముడు ఉంచమంటున్నాడు. నీలం వైరు స్టీరియోకు కలిపిస్తే చాలా?

కాజీపేట నుంచి (ఆటో ఎలక్ట్రీషియన్):
కలిపించండి, కానీ ఆ లావు వైరుకు ఫ్యూజు ఎక్కడుందో చూడండి. బ్యాటరీ నుంచి మూరెడు లోపు ఉండాలి. ఆంప్ దగ్గర ఉంటే లాభం లేదు, మధ్యలో ఎక్కడ బాడీకి తగిలినా వైరంతా ఎర్రగా కాలుతుంది. ఇంజన్ గది నుంచి లోపలికి వచ్చే రంధ్రంలో రబ్బరు గ్రోమెట్ (వైరు ఇనుము అంచుకు ఒరుసుకోకుండా ఉండే రింగు) ఉందో లేదో కూడా చూడండి.

హన్మకొండ నుంచి:
ఫ్యూజు సీటు కింద ఉంది, గ్రోమెట్ లేదు. రేపే ముందుకు తెప్పిస్తాను.

కాజీపేట నుంచి (ఆటో ఎలక్ట్రీషియన్):
అప్పటిదాకా ఆ వైరును బ్యాటరీ దగ్గరే విప్పి, చివరకు టేపు చుట్టి పెట్టండి. విప్పేటప్పుడు బ్యాటరీ నెగటివ్ ముందు తీయాలి, బిగించేటప్పుడు నెగటివ్ చివర. లేకపోతే పాజిటివ్ విప్పుతుండగా పానా బాడీకి తగిలితే నిప్పులు లేస్తాయి.