అంబాసిడర్ వెనక సీటుకి భుజం బెల్ట్: పిల్లర్‌లో యాంకర్ ఎట్ల పెట్టించాల?

అలిపిరి_అంబి:

అందరికీ నమస్కారం అన్నలూ. మాది తిరుపతి, కొర్లగుంట. మా నాయన 1992లో కొనిన డీజిల్ అంబాసిడర్ ఇంకా మా ఇంట్లోనే ఉండాది, ఐదేండ్లకోసారి రెన్యూవల్ చేయించుకుంటా జాగర్తగా పెట్టుకోనుండాం. ముందర సీట్లకి బెల్ట్‌లు ఎప్పుడో వేయించినాం, వెనక మాత్రం ఏమీ లేవు, మేము కూడా ఎప్పుడూ పట్టించుకోలేదు.

పోయిన నెల చిత్తూరు నుంచి పలమనేరు పోతా ఉంటే మొగిలి ఘాట్లో ముందర లారీ ఉన్నట్టుండి ఆగిపోయింది, నేను బ్రేక్ తొక్కినా, బండి ఆగింది గానీ వెనక కూర్చోనుండే మా పాప ఆగలేదు, ముందర సీటు వీపుకి నాయన అప్పుడెప్పుడో వేయించిన స్టీలు పైపు ఉంది, దానికి పోయి మూతి కొట్టుకునింది. పెదవి చీలి రెండు కుట్లు పడినాయి. తొమ్మిదేండ్ల పిల్ల. స్పీడు నలభై కూడా లేదు అప్పుడు. పైపు ఆ రాత్రే పీకేసినా.

వారం కింద ఊర్లోనే ఒక షెడ్డుకి తీసకపోయినా. పొద్దున వదిలితే సాయంత్రానికి అయిపోయిందన్నాడు. వెనక డోరు దాటినాక ఉండే పిల్లర్లో, అంటే సీ పిల్లర్ అంటారే, దాంట్లో ఒక బొక్క కొట్టి, లోపలి పక్క ఇంకో పెద్ద బొక్కలోంచి చెయ్యి దూర్చి రూపాయి బిళ్ళంత వాషర్, నట్ పెట్టి, హార్డ్‌వేర్ అంగట్లో దొరికే మామూలు బోల్ట్‌తో బిగించేసినాడు. ఇంటికి తెచ్చినాక బెల్ట్ చేత్తో పట్టుకోని గట్టిగా ఒక్క గుంజు గుంజితే బోల్ట్ చుట్టూ ఉండే రేకు డబ్బా మూత మాదిరి టక్కుమని బయటికొచ్చింది, వదిలితే మళ్ళీ టక్కుమని లోపలికి పోయింది. నా చేతి బలానికే అట్లయితే నిజంగా గుద్దుకుంటే ఏమవుతాది?

లోపల డొల్లగా ఉండే పిల్లర్‌కి భుజం యాంకర్ (బెల్ట్‌ని బండి బాడీకి పట్టించే చోటు) సరిగ్గా ఎట్ల పెట్టాల, ఏ బోల్ట్ వాడాల, లేదంటే వెనక అద్దం కింద ఉండే పలక (స్పీకర్లు పెట్టే చోటు) మీద పెట్టుకుంటే సులువని ఒకాయన చెప్తా ఉండాడు, అది పనికొస్తాదా? తెలిసినోళ్ళు చెప్పండి.

పుత్తూరు_టింకర్:

తమ్ముడూ, ముందు ఆ బోల్ట్ విప్పేయి. ఇప్పుడే. బెల్ట్ ఉంది కదా అని మీరు నమ్ముకోని పాపని కూర్చోబెడతారు, అదే భయం నాకు.

నేను ఇరవై రెండేండ్లుగా టింకరింగ్ పనిలోనే ఉండా. చెప్పేది ఒక్కటే, మంచి బోల్ట్ అంత సులువుగా తెగదు, ముందు రేకే చినుగుతాది. పిల్లర్ లోపలి రేకు మహా అంటే ఒక మిల్లీమీటర్ చిల్లర ఉంటాది, దాంట్లో రూపాయి బిళ్ళ వాషర్ పెట్టి గుంజితే పూరీలో వేలు పెట్టినట్టే, వాషర్ అంచు చుట్టూ చినిగి మొత్తం బయటికొస్తాది. అందుకని లోపల ప్లేట్ పడాల. 3 మి.మీ. మందం, తక్కువలో తక్కువ 75 కి 50 మి.మీ. సైజు, నేనైతే చోటుంటే ఇంకా పెద్దదే పెడతా. మూలలు నాలుగూ గుండ్రంగా రాపించాల, లేకుంటే మూల మొనలే రేకుని కోస్తాయి.

ప్లేట్ ఏ పక్క పెడతావనేది ముఖ్యం. శానామంది కనపడే పక్కనే, రేకు మీద అంటించి చుట్టూ వెల్డింగ్ కొట్టేస్తారు. బెల్ట్ గుంజేది ముందరికి, కిందికి, క్యాబిన్ లోపలికి కదా, అప్పుడు బరువంతా ఆ వెల్డింగ్ మీదే పడతాది. అదే ప్లేట్ రేకు వెనకపక్క ఉంటే గుంజినప్పుడు అది రేకుకే వీపు ఆనించి కూర్చుంటాది, వెల్డింగ్ ఊరికే దాన్ని కదలకుండా పట్టుకుంటే చాలు. డొల్ల పిల్లర్లోకి ప్లేట్ ఎట్ల పోతాదంటావా, లోపలి రేకులో సన్నగా ఒక గాడి కోసి పోస్ట్ డబ్బాలో ఉత్తరం వేసినట్టు లోపలికి జార్చాల, జారక ముందే దానికొక కమ్మీ అంటించి పెట్టుకో, లేకుంటే లోపల పడిపోయిందంటే సాయంత్రం దాకా అయస్కాంతం పెట్టి వెతకాల. తర్వాత రేకులో ముందే కొట్టుకోనుండే 8 మి.మీ. బొక్కల్లోంచి ప్లేట్‌కి బొట్టు బొట్టుగా వెల్డింగ్ నింపాల, ఆఖర్న గాడి మూసేయాల. వీలైతే ప్లేట్‌ని ఎల్ ఆకారంలో వంచి పిల్లర్ పక్క గోడని కూడా పట్టుకునేటట్టు చెయ్యి, రెండు దిక్కుల రేకు దొరికితే ఆ బలమే వేరు.

నట్ ముందే ప్లేట్‌కి వెనక వెల్డ్ అయిపోయుండాల. వెల్డ్ చేసేటప్పుడు దాంట్లో ఒక పాత బోల్ట్ ఎక్కించి పెట్టు, వేడికి మర వంకర పోకుండా ఉంటాది. సీటు బెల్ట్ బోల్ట్ సైజు 7/16 అంగుళం యూఎన్ఎఫ్ (సన్న మర), అంగుళానికి 20 మరలు, దాదాపు అన్ని కార్లకీ అదే. హార్డ్‌వేర్ అంగడి బోల్ట్ వద్దు, బెల్ట్‌తో వచ్చే హై టెన్సైల్ (ఎక్కువ లాగుడు తట్టుకునే) బోల్టే వాడాల.

ఇంకోటి, పని మొదలు పెట్టకముందు పైన లైనింగ్, పక్కన రెగ్జిన్ అంతా పీకి, స్క్రూడ్రైవర్ మొనతో పిల్లర్ అడుగు దాకా పొడిచి చూడు. ముప్పై ఏండ్ల బండి, తుప్పుంటే మొన దిగబడతాది. తుప్పు రేకుకి ఎంత మంచి ప్లేట్ పెట్టినా దండగ. వెల్డింగ్ సీఓ2 మెషిన్‌తోనే, గ్యాస్ మంటతో వద్దు, చుట్టూ ఉండే రేకంతా వేడెక్కి మెత్తబడతాది. బ్యాటరీ తీసేయాల, డీజిల్ ట్యాంక్ వెనకే ఉంటాది కాబట్టి దించేయాల, సీటు బయట పెట్టాల, పక్కన తడి గోతాం, ఎక్స్‌టింగ్విషర్ ఉండాల. ఆఖర్న లోపలి పక్క పెయింట్ కాలిపోయుంటాది, ఆడే ముందు తుప్పు పట్టేది, జింక్ ప్రైమర్ కొట్టి బొక్కలోంచి వ్యాక్స్ స్ప్రే లోపలికి పోయించు.

చిత్తూరు_కమాండర్:

మంచి పోస్ట్. నాదొక డౌట్. ఇంత కోత, వెల్డింగ్ ఎందుకు, నడుము బెల్ట్ ఒక్కటి వేయించుకుంటే చాలదా? ఫ్లోర్ గట్టిగా ఉంటాది, కింద పెద్ద ప్లేట్ పెట్టి రెండు బోల్ట్‌లు వేస్తే పని సులువుగా అయిపోతాది. నా కమాండర్ జీపులో వెనక పక్కలకి తిరిగిన సీట్లు, వాటికి కూడా అట్లనే వేయిద్దామని చూస్తా ఉండా.

ఓరగడం_ల్యాబ్:

అన్నా, నేను ఆరేళ్ళు చెన్నై దగ్గర ఓరగడంలో సీటు బెల్ట్ యాంకర్ల టెస్టింగ్‌లో పనిచేశాను, ఇప్పుడు శ్రీసిటీలో ఉన్నాను. అందుకే ఈ టాపిక్ చూసి ఆగలేకపోయాను.

నడుము బెల్ట్ ఒక్కటే ఉంటే మనిషి బండిలోంచి ఎగిరిపోడు, అది నిజం. కానీ పైభాగం మొత్తం ముందుకి మడత పడుతుంది, తల పోయి మోకాళ్ళకో ముందు సీటుకో తగులుతుంది, పట్టీ పొట్టలోకి దిగి పేగులకీ నడుము వెన్నుపూసలకీ దెబ్బ తగులుతుంది. పిల్లల్లో ఇంకా ఎక్కువ, వాళ్ళ తుంటి ఎముక చిన్నది కాబట్టి పట్టీ ఎముక మీద నిలవకుండా పొట్ట మీదకి జారుతుంది. పాప మూతి పగిలింది కదా, ఆ దెబ్బని నడుము బెల్ట్ ఆపేది కాదు. మూడు పాయింట్ల బెల్ట్‌ని 1959లో వోల్వోలో నిల్స్ బోలిన్ తెచ్చింది కూడా ఛాతీనీ తుంటినీ కలిపి పట్టుకోవడానికే. ఇక జీపులో పక్కకి తిరిగిన సీట్లకి భుజం బెల్ట్ అసలు వద్దు, ముందు నుంచి గుద్దుకుంటే పట్టీ మెడ మీదకి వస్తుంది. పిల్లల్ని ఆ సీట్లలో కాకుండా ముందుకి చూసే సీటులోనే కూర్చోబెట్టండి.

బరువు ఎంత పడుతుందో ఒక లెక్క చెప్తాను. 60 కిలోల మనిషి, 50 కి.మీ. స్పీడు, బండి ముందుభాగం నలగడం, బెల్ట్ సాగడం అన్నీ కలిపి మనిషి 60 సెంటీమీటర్లలో ఆగాడనుకోండి, సగటున దాదాపు 980 కిలోల బరువు అతని మీద పడినట్టు. అది సగటు మాత్రమే, మధ్యలో ఇంకా పైకి పోతుంది. అందుకే ఐక్యరాజ్యసమితి ఆర్14 రూలులో కారు మూడు పాయింట్ల బెల్ట్‌కి భుజం పట్టీ మీద 13,500 న్యూటన్లు, నడుము పట్టీ మీద ఇంకో 13,500, రెండూ ఒకేసారి లాగుతారు. ఒక్కోటి దాదాపు 1,375 కిలోలు. రేకు వంగొచ్చు, చినగొచ్చు కూడా, కానీ యాంకర్ ఊడకూడదు, అదే పాస్. ల్యాబ్‌లో బలహీనమైన యాంకర్ ఊడేటప్పుడు చూస్తే టింకర్ అన్న చెప్పినట్టే ఉంటుంది, బోల్ట్ తలకి ఏమీ కాదు, చుట్టూ ఉన్న రేకుతో సహా బయటికి వచ్చి వేలాడుతుంది.

ఎక్కడ పెట్టాలనేది ఎంత గట్టిగా పెట్టాలనేదానికి ఏమాత్రం తక్కువ కాదు. కూర్చున్న మనిషి భుజం కంటే పైన, వెనక ఉండాలి. భుజం కంటే కింద ఉంటే గుద్దుకున్నప్పుడు పట్టీ భుజాన్ని కిందికి నొక్కి బరువంతా వెన్నుపూస మీద వేస్తుంది. పక్కకి వస్తే సీటు మధ్యగీత నుంచి కనీసం 140 మి.మీ. దూరం ఉండాలి, మరీ దగ్గరైతే మెడ కోసుకుంటుంది. కింద నడుము యాంకర్లు రెండిటి మధ్య కనీసం 350 మి.మీ. ఉండాలి. ఇంట్లో అందరికంటే పొడుగైన వాళ్ళని సీటు మీద కూర్చోబెట్టి, పిల్లర్ మీద సుద్దముక్కతో గీసుకుని, అప్పుడు డ్రిల్ పట్టుకోండి.

వెనక అద్దం కింద పలక గురించి అడిగారు. వద్దు. పలక రేకు పెద్దగా, చదునుగా ఉంటుంది, పిల్లర్ లాంటి పెట్టె ఆకారం కాదు, కాబట్టి చాలా సులువుగా పైకి లేస్తుంది. పైగా అంబాసిడర్‌లో అది భుజం కంటే కిందనే పడుతుంది, పట్టీ సీటు వీపు మీదుగా రావాలి, అప్పుడు సీటు వీపు కూడా ఆ బరువు మోయాలి. దాన్ని అందుకోసం చేయలేదు.

రీల్ (పట్టీ చుట్టుకునే డబ్బా) గురించి ఎవరూ చెప్పలేదు. దాని లోపల చిన్న ఉక్కు గుండు ఉంటుంది, బండి వంగినా, గట్టిగా బ్రేక్ పడినా ఆ గుండు కదిలి రీల్‌ని లాక్ చేస్తుంది. కాబట్టి రీల్‌ని ఏ కోణంలో బిగించమని దాని మీద ఉంటే అదే కోణంలో బిగించాలి. కాస్త పక్కకి వాలినా రీల్ ఊరికే లాక్ అయిపోయి పట్టీ బయటికి రాదు, జనం విసుగొచ్చి బెల్ట్ వాడటం మానేస్తారు. పిల్లర్ మీద డీ రింగ్ (భుజం పట్టీ దూరి వచ్చే రింగు) మాత్రం బిగించాక కూడా వదులుగా తిరగాలి, దానికి మెట్టు ఉండే ప్రత్యేకమైన బోల్ట్ వస్తుంది. టార్క్ (బోల్ట్ బిగింపు) 40 న్యూటన్ మీటర్ల దగ్గర, బెల్ట్ కాగితంలో వేరేగా ఉంటే అదే. పాత కారు నుంచి తీసిన బెల్ట్ మాత్రం కొనొద్దు, ఒకసారి యాక్సిడెంట్‌లో బరువు మోసిన పట్టీ పైకి బాగానే కనిపిస్తుంది.

రేణిగుంట_బైపాస్:

చట్టం సంగతి కూడా చూసుకోండి. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 194బీ కింద బెల్ట్ లేకుంటే వెయ్యి రూపాయలు, 14 ఏండ్లలోపు పిల్లల్ని బెల్ట్‌తోనో పిల్లల సీటుతోనో కట్టకుంటే ఇంకో వెయ్యి, అది తోలేవాడి మీదే. ఇంకోపక్క 52వ సెక్షన్ ఉంది, కంపెనీ ఇచ్చిన రూపం మార్చకూడదని, సుప్రీంకోర్టు కూడా 2019లో అదే గట్టిగా చెప్పింది. భద్రత కోసమే అయినా పిల్లర్ కోసి వెల్డ్ చేస్తా ఉండావు కాబట్టి ముందుగానే ఆర్టీవో ఆఫీసులో ఒక అర్జీ పెట్టి, ముద్ర వేసిన కాపీ దగ్గర పెట్టుకో, పని జరిగేటప్పుడు ప్రతి దశకీ ఫోటో తీసిపెట్టుకో. గాడి మూసేసినాక లోపల ఏముందో ఎవురికీ కనపడదు, రేపు ఎఫ్‌సీలో (బండి ఫిట్‌నెస్ చెక్‌లో) అడిగితే ఆ ఫోటోలే నోరు.

2022 సెప్టెంబర్ 4న పాల్ఘర్ దగ్గర సైరస్ మిస్త్రీ పోయింది కూడా వెనక సీటులోనే, బెల్ట్ లేకుండా. అంత పెద్ద కారులో అన్నీ ఉండి కూడా. నీ బండిలో లేకపోయినా పెట్టించాలని చూస్తా ఉండావు, మంచి పని.

అలిపిరి_అంబి:

అందరికీ శానా థ్యాంక్స్. ఆలస్యమైంది, పని సగం అయినాక చెప్దామని ఆగినా. ఆర్టీవోలో అర్జీ ఇచ్చినా, కాపీ తీసుకున్నా.

టింకర్ అన్న చెప్పినట్టు లైనింగ్ పీకి స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే కుడి పిల్లర్ గట్టిగా ఉంది, ఎడమ పిల్లర్ అడుగున మాత్రం మొన చప్పుడు లేకుండా దిగిపోయింది, బయటికి తీస్తే ఎర్ర పొడి రాలింది. వెనక అద్దం రబ్బరు పాతదయిపోయి నీళ్ళు అందులోకే దిగతా ఉండాయంట. బయటికి ఒక్క మచ్చ కూడా లేదు. అందుకని ముందు కుడి పక్క మాత్రమే చేయించినాం, ఎల్ ప్లేట్, గాడిలోంచి జార్చి, పది చోట్ల వెల్డింగ్. కమ్మీ అంటించకుండా జార్చబోయినాడు మేస్త్రీ, నేను మీ మాట చెప్పి ఆపినా.

పని అయినాక మళ్ళీ అదే చోట నిలబడి, కాలు సీటు అంచుకి తన్నిపెట్టి రెండు చేతులతో గుంజినా. రేకు ఉలకలేదు, పలకలేదు. ఇది టెస్ట్ కాదని తెలుసు, కానీ ఆ టక్కుమనే శబ్దం చెవిలో ఉండిపోయింది కాబట్టి చేసి చూసుకున్నా.

పాపని కూర్చోబెడితే పట్టీ మెడ మీదకే వచ్చింది. ఎత్తు కొలిస్తే 128 సెంటీమీటర్లు. ల్యాబ్ అన్నా, దీనికి బూస్టర్ సీటు (పిల్లల్ని ఎత్తులో కూర్చోబెట్టేది) పెడితే సరిపోతాదా లేక డీ రింగ్ కిందికి దించాల్నా?

ఓరగడం_ల్యాబ్:

డీ రింగ్ కదిలించొద్దు, పెద్దవాళ్ళకి అది సరైన చోటే. బూస్టర్ పెట్టండి, వీపు ఉండే రకం, దాంట్లో భుజం దగ్గర పట్టీని నడిపించే గాడి ఉంటుంది. పట్టీ మెడకీ భుజం చివరకీ మధ్యలో పడాలి, కింద పట్టీ పొట్ట మీద కాకుండా తొడల మొదట్లో పడాలి. 135 నుంచి 150 సెంటీమీటర్ల ఎత్తు వచ్చేదాకా అది వాడాలి. ఎడమ పిల్లర్ పని అయ్యేదాకా పాప కుడి పక్కనే.

అలిపిరి_అంబి:

సరే అన్నా. అద్దం రబ్బరు కొత్తది తెప్పిస్తా ఉండా, ఎడమ పిల్లర్ అడుగు ముక్క కోసి కొత్త రేకు వేసినాకే ప్లేట్. అంతవరకు మా అమ్మ వచ్చినా ముందర సీటే.