చాందా దుకాణాలకు మెర్వ్-13 ఫిల్టర్లు: అవసరమా, దండుగనా?

బట్టల సేటు, చాందా:
మాది మూడంతస్తుల దుకాణం, డక్ట్ ఏసీ (గొట్టాలతోని చల్లగాలి పంపేది). కరెంటు ప్లాంటు, బొగ్గు గనులు, సిమెంటు లారీలు... ఊరి గాలి సంగతి అందరికీ ఎరుకే. 2009లనే కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి మన చాందాను, అదే చంద్రపూర్‌ను, తీవ్ర కాలుష్య ప్రాంతాలల్ల చేర్చింది. ఇప్పుడున్న జాలీ తీసి మెర్వ్-13 ఫిల్టరు వేయాలని ఉన్నది (మెర్వ్ అంటే ఫిల్టరు ఎంత సన్న దుమ్మును పడ్తదో చెప్పే అంకె, అంకె పెరిగితే పట్టేది పెరుగుతది). ఇంట్లోవాళ్లు దండుగంటున్నరు. మీరేమంటరు?

ఏసీ మెకానిక్, బల్లార్షా:
సేటు, తొందరపడకుండ్రి. ఫిల్టరు ఎంత సన్నదైతే గాలికి అంత అడ్డం. పాత బ్లోయరుకు పెడితే గాలి తగ్గుతది, కాయిల్ మీద మంచు పేరుతది, పై అంతస్తు చల్లబడదు. ఎండకాలం 45 డిగ్రీలు దాటే ఊరు మనది, గిరాకీ మెట్లెక్కదు. మెర్వ్-8 వేసి వేళకు మార్చుకుండ్రి, చాలు.

కౌంటర్ల పనిచేసేదాన్ని, ఘుగ్గుస్:
అన్నా, గిరాకీ గంటసేపుండి పోతది. పొద్దుగాల నుంచి రాత్రి దాక ఆ గాలి పీల్చేది మేం. ఊపిరితిత్తుల లోతుకు దిగేది కంటికి కనబడే దుమ్ము కాదు, 2.5 మైక్రాన్ల లోపుది (మైక్రాన్ అంటే మిల్లీమీటరుల వెయ్యో వంతు). 1 మైక్రాన్ కన్న సన్నవాటిని పట్టాలన్న షరతే మెర్వ్-8కు లేదు. మెర్వ్-13 అయితే 0.3 నుంచి 1 మైక్రాన్ దాక ఉన్నవాటిల కనీసం సగం, 1 నుంచి 3 దాక ఉన్నవాటిల 85 శాతం పట్టాలె. పైగా లోపలి గాలి మళ్లమళ్ల అదే ఫిల్టరు గుండ తిరుగుతది, తిరిగినప్పుడల్ల ఇంకింత తగ్గుతది. ఈ సన్న దుమ్ముకు మన దేశం పెట్టిన హద్దు 24 గంటల సగటున ఘనపు మీటరుకు 60 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021ల చెప్పింది 15. చల్లదనానికి లెక్క కడ్తున్నరు, మా దగ్గుకు ఎవరు కడ్తరు?

పెద్దమనిషి, రాజురా:
కిటికీలు తెరవరాదా? పైసా ఖర్చు లేదు.

కౌంటర్ల పనిచేసేదాన్ని, ఘుగ్గుస్:
పెద్దనాయనా, తెరిస్తే లారీల దుమ్మంత లోపలికే. కాని బయటి గాలి కావాలన్న మీ మాట నిజం. జనం వదిలే కార్బన్ డయాక్సైడ్‌ను, పొగగొట్టాల గంధకపు వాయువును మెర్వ్ ఫిల్టరు ఆపదు. బయటి గాలి రావాలె, ఫిల్టరు గుండనే రావాలె.

ఏసీ మెకానిక్, బల్లార్షా:
చెల్లె, ఇది ఒప్పుకుంట. అట్లయితే ఇంచు మందం పలక వద్దు, నాలుగు ఇంచుల మడతలది పెట్టాలె. మడతలతోని గాలి పోయే జాగా పెరుగుతది, అడ్డం తగ్గుతది. అంచులకు రబ్బరు పట్టీ లేకుంటే గాలి పక్క సందులకెల్లి జారిపోతది, పెట్టిన పైసలు బూడిదల పోసినట్టే. చాన దుకాణాలల్ల నేను చూసింది ఇదే. సేటు, ముందు మీ బ్లోయరు ఎంత ప్రెషరు తట్టుకుంటదో కొలుద్దాం. తట్టుకోకుంటే మెర్వ్-11 వేసి, కౌంటర్ల కాడ విడిగ హెపా మిషన్లు (చాన సన్న దుమ్మును పట్టే గాలి శుద్ధి మిషన్లు) పెడదాం.

కౌంటర్ల పనిచేసేదాన్ని, ఘుగ్గుస్:
కొలవుండ్రి. మెర్వ్-11కు మాత్రం నేను ఒప్పుకోను. బ్లోయరు మార్చే ఖర్చు ఒక్కసారిదే, మేం పీల్చేది రోజూ.