లూప్ 21 సార్లు తిరిగినా ఎమ్‌టీఎఫ్ ఒకే నంబరు ఇస్తాండాది, ఎందుకబ్బా?

ఏర్పేడు పిల్లోడు:
లెన్సులు డిజైన్ చేసే జెమాక్స్ ఆప్టిక్‌స్టూడియో సాఫ్ట్‌వేర్‌ని పైథాన్‌తో నడిపేవాళ్ళు ఎవరన్నా ఉంటే కొంచెం చూడండన్నా. 100 ఎంఎం డబ్లెట్ (రెండు గాజుల లెన్స్), ఎఫ్/4. లెన్స్ వెనక ఇమేజ్ దాకా ఉండే గ్యాప్‌ని మైనస్ 0.1 నుంచి ప్లస్ 0.1 ఎంఎం దాకా 0.01 చొప్పున జరుపుతా, ప్రతిసారీ ఎఫ్‌ఎఫ్‌టీ పద్ధతిలో ఎమ్‌టీఎఫ్ (సన్న గీతల్ని లెన్స్ ఎంత స్పష్టంగా చూపిస్తాదో చెప్పే కొలత) తీసి ఎంఎంకి 50 సైకిల్స్ తావ వచ్చే నంబరు ఎక్సెల్‌లో వేసుకోవాల. ఎర్రర్ ఒక్కటీ లేదు, 21 వరసలూ నిండినాయి, అన్నింట్లో 0.71. పైగా పోనుపోను స్లో అయిపోతాండాది. రేపు గైడ్‌కి చూపించాల, రాత్రి నుంచి నిద్ర లేదు.

చంద్రగిరి కోట:
పైథాన్‌ని జెమాక్స్‌కి కలిపే పైథాన్‌నెట్ లైబ్రరీ పాతదేమో, 3కి మార్చి చూడు.

ఏర్పేడు పిల్లోడు:
మార్చినా అన్నా. ఈనమ్ (పేరు పెట్టిన ఆప్షన్) ఉండాల్సిన చోట ఉత్త అంకె ఇచ్చిన లైన్లన్నీ ఇప్పుడు ఎర్రర్ కొడతాండాయి, అవి సరిచేసేసరికి పూటంతా పోయింది. నంబరు మాత్రం అదే 0.71 😭

మదనపల్లె టమాట:
వెర్షన్ జోలికి పోవద్దని ముందే చెప్పేవాణ్ణి, లేటుగా చూసినా. ఉత్త అప్లై పిలిస్తే లెక్క అయ్యేదాకా ఆగదు, అప్లై అండ్ వెయిట్ ఫర్ కంప్లీషన్ పెట్టు. రిజల్ట్ తీసుకున్నాక ఆ అనాలిసిస్‌ని క్లోజ్ చేస్తాండావా? లేకపోతే 21 తెరిచే ఉంటాయి, స్లో కాక ఏమైతాది.

ఏర్పేడు పిల్లోడు:
వెయిట్ ముందే ఉండాది. క్లోజ్ పెట్టినాక స్పీడు వచ్చింది, థ్యాంక్సన్నా. నంబరే కదల్లేదు.

గాజుల అంగడి:
కోడ్ పక్కన పెట్టి కాగితం తీయప్పా. ఎఫ్/4లో 0.1 ఎంఎం ఫోకస్ తప్పితే మచ్చ 0.1ని 4తో భాగిస్తే 25 మైక్రాన్లు. 50 సైకిల్స్ అంటే ఒక్కో గీత జత 20 మైక్రాన్లు. జత కంటే మచ్చే పెద్దదైనప్పుడు రెండు చివర్లలో నంబరు సున్నా దగ్గరికి పడిపోవాల. పడలేదంటే నీ లెన్స్ అసలు జరగనే లేదు. లెన్స్ డేటాలో ఆ చివరి థిక్‌నెస్ గడి (నీ వెనక గ్యాప్ అదే) పక్కన చిన్న ఎం అక్షరం ఉందా చూడు.

ఏర్పేడు పిల్లోడు:
ఉండాది!! సీనియర్ ఇచ్చిన ఫైలది, ఎన్నడూ గమనించలా.

గాజుల అంగడి:
అదే మార్జినల్ రే హైట్ సాల్వ్, అంటే ఆ థిక్‌నెస్‌ని జెమాక్సే లెక్కేసి పెట్టే సెట్టింగ్. నువ్వు జరిపిన ప్రతిసారీ అది మళ్ళీ పారాక్సియల్ ఫోకస్‌కి (లెన్స్ నడిమి కిరణాలు కలిసే చోటికి) లాక్కొచ్చేస్తాది, నీ వాల్యూ గాలికే. లూప్‌కి ముందు ఆ థిక్‌నెస్ సెల్‌కి మేక్ సాల్వ్ ఫిక్స్‌డ్ ఒకసారి పిలువు, ఉండే విలువ అట్లే నిలబడతాది, దాన్నుంచి అటూ ఇటూ జరుపుకో.

ఏర్పేడు పిల్లోడు:
వచ్చేసిందన్నా, గుట్ట మాదిరి కర్వ్! నీకు గోవిందుడి లడ్డూ బాకీ. కానీ శిఖరం సున్నా తావ కాకుండా మైనస్ 0.03 తావ వచ్చింది, ఇదింకో బగ్గా?

గాజుల అంగడి:
కాదు. నీ సున్నా పారాక్సియల్ ఫోకస్ కదా, స్ఫెరికల్ అబెరేషన్ మిగిలుంటే అంచు కిరణాలు అంతకు ముందే కలుస్తాయి, బెస్ట్ ఫోకస్ లెన్స్ వైపు జరుగుతాది. గైడ్ అడిగేది అదే, చదువుకోని పో.