స్టాటిన్ వేసిన కోలన్ క్యాన్సర్ సెల్స్, కొలెస్ట్రాల్ ఇచ్చినా కోలుకోవట్లేదు

హెచ్‌సీటీ116 (ల్యాబ్‌లో పెంచే కోలన్ క్యాన్సర్ రకం) సెల్స్‌కి సిమ్వాస్టాటిన్ (సెల్‌లో కొలెస్ట్రాల్ తయారీని మొదటి మెట్లలోనే ఆపే స్టాటిన్ మందు) 10 మైక్రోమోలార్, 48 గంటలు పెడుతున్నా, సీరం కూడా లైపోప్రోటీన్లు (కొలెస్ట్రాల్‌ని మోసుకొచ్చేవి) తీసేసిందే, లేకపోతే ఎల్‌డీఎల్ రిసెప్టర్లు పెంచుకుని బయటి నుంచి కొలెస్ట్రాల్‌ని లాగేసుకుంటాయి కదా. సగానికి పైగా పోతున్నాయి. మెవలోనేట్ (స్టాటిన్ ఆపేసే మెట్టులో తయారయ్యేది) కలిపితే బతుకుతున్నాయి, కొలెస్ట్రాల్ కలిపితే మాత్రం లేదు. మొదట ఇథనాల్‌లో కరిగించి వేస్తే మైక్రోస్కోప్ కింద పలకల్లా స్ఫటికాలు కనిపించాయి, అందుకని సైక్లోడెక్స్ట్రిన్‌తో (కొలెస్ట్రాల్‌ని నీటిలో కరిగేలా పట్టి ఉంచేది) కలిపి మిల్లీలీటరుకి 10 మైక్రోగ్రాములు ఇచ్చా, మూడుసార్లు చేసినా అంతే. జెరానైల్‌జెరానైల్ పైరోఫాస్ఫేట్ (మెవలోనేట్ నుంచే, కానీ కొలెస్ట్రాల్ కాకుండా పక్క దారిలో తయారయ్యే ఐసోప్రినాయిడ్) ఇస్తే చాలావరకు నిలబడ్డాయి, అంటే అసలు దెబ్బ ఐసోప్రినాయిడ్ల దగ్గరే తగులుతున్నట్టుంది. నాకు కావాల్సింది కొలెస్ట్రాల్ పాత్ర ఒక్కటే. అందుకే స్టాటిన్ పక్కనపెట్టి, ఇంకా కింది మెట్టులో ఉండే స్క్వాలీన్ ఎపాక్సిడేజ్‌ని (ఐసోప్రినాయిడ్ల దారి విడిపోయాక, కొలెస్ట్రాల్ వైపు దారిలో ఉండే ఎంజైమ్) ఎన్‌బీ-598 అనే నిరోధకంతో ఆపుదామనుకుంటున్నా, ఈ సెల్స్‌లో అది వాడినవాళ్లు ఎంత డోసు, ఎన్ని గంటలు పెట్టారండీ?