పాత బోర్డుల అక్షరాలతో ఫాంటు చేస్తున్నా, వత్తులు విడిపోతున్నాయి

ప్రశ్న (ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి): మా బజార్లో బ్రష్షుతో రాసిన పాత బోర్డులు ఇంకా కొన్ని మిగిలాయండి. పైన ఒడియా, కింద తెలుగు, రెండూ ఒకే చేతి రాత. ఫ్లెక్సీలొచ్చి ఒక్కొక్కటే పోతున్నాయని ఫొటోలు తీసి ఫాంట్‌ఫోర్జ్ అనే ఫాంట్ల తయారీ సాఫ్ట్‌వేర్‌లో గీస్తున్నాను. ఒకే బోర్డులో ‘ల’ మూడు రకాలుగా ఉంది, ఏది తీసుకోవాలి? ఇంకోటి, ‘రాష్ట్రం’ అని కొడితే వత్తులు పడకుండా పొల్లులతో విడివిడిగా వస్తోంది.

జవాబు (రాయగడ): రెండోది తేలిక. వత్తులకు బీఎల్‌డబ్ల్యూఎఫ్ (blwf) ఫీచరు, అంటే హల్లును కింది వత్తుగా మార్చే నియమం, రాయాలి. స్క్రిప్టు ట్యాగు (ఫాంటులో ఈ నియమాలు ఏ లిపికో చెప్పే గుర్తు) తెలుగు కొత్త ట్యాగు టెల్2 (tel2) అయితే వరస ముందు పొల్లు, తర్వాత హల్లు. పాత ట్యాగులో ఇది తిరగబడి ఉంటుంది, చాలామంది అక్కడే చిక్కుకుంటారు. మీ ఊళ్లోనే పనిచేసిన గిడుగు రామమూర్తిగారి పేరుతో ఉచిత ఫాంటొకటి ఉంది. దాన్ని తెరిచి నియమాలు ఎలా రాశారో చూడండి.

జవాబు (బరంపురం): బోర్డు రాసేవాడు చోటు చాలకపోతే చివరి అక్షరాలు ఇరికిస్తాడు, మిగిలితే సాగదీస్తాడు. అందుకే వరస మొదట్లో తీరిగ్గా పడిన ‘ల’ను మూలంగా పెట్టుకోండి. మిగతా రెండూ పారేయకండి. ‘పిల్లల’లో రెండు ‘ల’లూ అచ్చు ఒకేలా పడకుండా కాల్ట్ (calt) ఫీచరుతో, అంటే పక్క అక్షరాన్ని బట్టి రూపం మార్చే నియమంతో, మార్చొచ్చు.

అక్షరాన్ని మొత్తంగా ట్రేస్ చెయ్యకండి. తలకట్టు విడిగా గీయండి. క, త, పలకు అది ఉంటుంది. ఖ, జ, ట, బ, లలకు ఉండదు. గుడి వస్తే పోతుంది, కొమ్ము వస్తే నిలుస్తుంది. పు, వు మాత్రం చేత్తో విడిగా గీయాల్సిందే, అక్కడ కొమ్ము కిందనుంచి తగులుతుంది.

బోర్డుమీద ‘లక్ష్మీ’లో మవత్తు ఎంత వేలాడినా అందమే. ఫాంటులో అది కింది వరస గుళ్లకు తగులుతుంది. విన్ డిసెంట్ (విండోస్‌కు ఫాంటు అడుగు హద్దు చెప్పే కొలత) తక్కువ పెడితే విండోస్‌లో అడుగు తెగిపోతుంది కూడా. ‘స్వాతంత్ర్యం’ మీద ‘స్త్రీ’ పెట్టి కొలుచుకోండి.

ప్రశ్న అడిగినవారు: ‘రాష్ట్రం’ కుదిరిందండీ! ట్యాగే తేడా. ఇక్కడి తలకట్టు ఒడియా అక్షరం పైభాగంలా గొడుగై వంగింది. సరిచెయ్యాలా?

జవాబు (బరంపురం): వద్దు, మీ బోర్డుల ముద్ర అదే. మరీ వంచితే మాత్రం చిన్న సైజులో ‘ప’, ‘పి’ ఒకటే అనిపిస్తాయి. 10 పాయింట్లలో ప్రింటు తీసి, తెలుగు చదివే పిల్లాడెవరికైనా ఇచ్చి చదివించండి. రాసిన పెయింటరు ఉంటే విడుదలకు ముందు ఆయన్ని అడగండి.