నమస్కారం పెడితే సరిపోతుందా? థాయిలాండ్, లావోస్, కంబోడియా, బర్మా పలకరింపులు

గోదారిగట్టు:
అమ్మానాన్నలతో బ్యాంకాక్, లావోస్‌లోని లువాంగ్ ప్రబాంగ్, కంబోడియాలోని సియెం రీప్, చివర్న బర్మాలోని రంగూన్ వెళ్తున్నాం. ఆ దేశాల్లో అందరూ మనలాగే చేతులు జోడిస్తారు కాబట్టి మనకు కొత్తగా నేర్చుకునేదేమీ లేదని నాన్నగారి ధీమా. నాకు మాత్రం అనుమానంగానే ఉంది. ఎవరు ముందు పెట్టాలి? బౌద్ధ భిక్షువులకు ఎలా పెట్టాలి? హోటల్ వాళ్లు పెడితే తిరిగి పెట్టాలా? నోటితో ఏమనాలి? పిల్లలు కనిపిస్తే తల నిమరడం అమ్మకి అలవాటు. దాని సంగతి కూడా చెప్పండి.

మేకాంగ్_ఒడ్డున:
చేతులు జోడించడం వరకే పోలిక. మనం కలెక్టరు గారికైనా, పక్కింటాయనకైనా ఛాతీ దగ్గరే జోడించి కాస్త తల వంచుతాం. థాయిలాండ్‌లో చేతుల ఎత్తును బట్టి అవతలి మనిషి హోదా తెలిసిపోతుంది. అక్కడ దీన్ని 'వాయ్' అంటారు. సమవయస్కులకు చేతులు ఛాతీ దగ్గర ఉంటే చాలు. వయసులో కొంచెం పెద్దవాళ్లకు బొటనవేళ్లు గడ్డానికి, చూపుడువేళ్ల కొసలు ముక్కు కొనకు రావాలి. తల్లిదండ్రులకు, గురువులకు బొటనవేళ్లు ముక్కు కొన దగ్గర, చూపుడువేళ్లు కనుబొమల మధ్య ఉండాలి. భిక్షువులకైతే బొటనవేళ్లే కనుబొమల మధ్యకు వస్తాయి, వేళ్ల కొసలు నుదుటిపైన జుట్టు మొదలయ్యే చోటికి చేరతాయి.

ఈ కొలతలు చదివి చేతులు పైకి లేపకండి. మనవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు ఇదే. చేతులు ఛాతీ దగ్గర్నుంచి కొద్దిగానే కదులుతాయి, తల వంగి వేళ్ల దగ్గరికి వస్తుంది. గౌరవం పెరిగేకొద్దీ నడుము ఇంకాస్త వంగుతుంది. మోచేతులు రెక్కల్లా బయటికి పోకుండా ఒంటికి దగ్గరగా ఉంచాలి. అరచేతులు గట్టిగా అదమక్కర్లేదు, మధ్యలో కొంచెం ఖాళీ ఉండాలి. వాళ్లు నేర్పేటప్పుడు తామర మొగ్గలా అని చెబుతారు. గుళ్లో దేవుడికి పెట్టినట్టు తల మీదికి ఎత్తే నమస్కారం మనుషులకు అసలు పనికిరాదు.

ఎవరు ముందు అంటే, చిన్నవాళ్లే. పెద్దవాళ్లు ముందుగా వాయ్ చేస్తే చిన్నవాళ్ల ఆయుష్షు తరిగిపోతుందని అక్కడ నమ్మకం. పెద్దల చేత దణ్ణం పెట్టించుకుంటే ఆయుక్షీణమని మన ఇళ్లలోనూ అంటారు కాబట్టి నాన్నగారికి ఇది తేలిగ్గానే ఎక్కుతుంది. హోటల్ రిసెప్షన్ అమ్మాయి, రెస్టారెంట్ కుర్రాడు, షాపు తలుపు తీసేవాడు వాయ్ చేస్తే అమ్మానాన్నలు నవ్వి తల పంకిస్తే చాలు. పెట్టాలనిపిస్తే ఛాతీ దగ్గర పెట్టొచ్చు, తప్పేం లేదు. వెయిటర్‌కి నుదుటిదాకా పెట్టారంటే అతను ఇబ్బంది పడతాడు, పక్కవాళ్లు నవ్వుకుంటారు. చేతిలో సామాను ఉంటే కిందపెట్టి హైరానా పడొద్దు, తల వంచండి.

భిక్షువులు తిరిగి వాయ్ చేయరు. చిన్నబుచ్చుకోకండి, అది వాళ్ల నియమం. ఆడవాళ్లు వాళ్లను తాకకూడదు, చేతికి నేరుగా ఏమీ అందించకూడదు. ఆయన ముందు పరిచే గుడ్డ మీద పెట్టాలి, లేదా పక్కనున్న మగవాళ్ల చేత ఇప్పించాలి. కాళ్లకు దణ్ణం పెట్టబోవడం మనకు సహజమే గానీ అక్కడ ఆ పద్ధతి లేదు. గుళ్లో బుద్ధుడి ముందు మోకాళ్ల మీద కూర్చుని, రెండు అరచేతులూ నేల మీద పరిచి, వాటి మధ్య నుదురు ఆనించి మూడుసార్లు మొక్కుతారు. రెండు మోకాళ్లు, రెండు అరచేతులు, నుదురు, ఈ అయిదూ నేలకు తగలాలి. అమ్మకు పంచాంగ నమస్కారం అలవాటుంటే ఇది కష్టమేం కాదు. కన్నవాళ్లకైతే ఒక్కసారే, అదీ అరచేతులు విప్పకుండా.

అంగ్కోర్_నడక:
సియెం రీప్‌కి థాయ్ లెక్క పట్టుకెళ్తే పెద్ద గొడవేం రాదు గానీ మెట్లు వేరు. ఖ్మేర్ వాళ్లు, అంటే కంబోడియా జనం, దీన్ని 'సంపియా' అంటారు, అయిదు మెట్లుంటాయి. స్నేహితులకు ఛాతీ దగ్గర. పై అధికారులకు, మనకంటే పెద్దవాళ్లకు వేళ్ల కొసలు నోటి దగ్గర. తల్లిదండ్రులు, తాతలు, గురువులకు ముక్కు దగ్గర. రాజుకు, భిక్షువులకు కనుబొమల దగ్గర. దేవుడి ముందు నుదుటి దగ్గర. మీ అవసరానికి మొదటి రెండు, భిక్షువుల మెట్టు చాలు. సంపియా పెడితే బదులు పెట్టకపోవడం మొరటుతనమే. ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టుల పాలనలో, 1975 నుంచి 1979 దాకా దీన్ని నిషేధించారు. పెద్దాచిన్నా తేడా లేకుండా అందరూ ఒకర్నొకరు 'మిత్' (కామ్రేడ్) అనే పిలవాలన్నారు. అంతటి కాలాన్ని దాటి నిలిచిన మర్యాద కాబట్టి పెద్దవయసు వాళ్ల దగ్గర కాస్త శ్రద్ధగా చేయండి.

మాట: పెద్దలతో 'చుమ్ రీయప్ సువా', సెలవు తీసుకునేటప్పుడు 'చుమ్ రీయప్ లియా'. కుర్రకారుతో 'సువస్‌దై' చాలు.

తోకపదం:
థాయ్‌లో 'సవాత్‌దీ' (నమస్కారం) అని ఊరుకుంటే పొడిగా ఉంటుంది. మన 'అండి'లాగా చివర ఒక మర్యాద మాట చేర్చాలి. మగవాళ్లయితే 'ఖ్రాప్' (మాటల్లో 'ఖాప్' అయిపోతుంది), ఆడవాళ్లయితే 'ఖా'. మాట్లాడేది ఎవరన్నదే లెక్క, వినేవాళ్లతో పనిలేదు. మనవాళ్లు తికమకపడేది ఇక్కడే. అమ్మాయితో మాట్లాడుతూ నాన్నగారు 'ఖా' అనేస్తారు. ఇంగ్లీషు బోర్డుల్లో చూసి 'క' అని పలక్కండి, ఒత్తు ఖ ఉండాలి. మామూలు వాక్యం చివర 'ఖా' స్వరం పైనుంచి కిందికి దిగుతుంది, ప్రశ్న చివరైతే పైకి లేస్తుంది.

ఇరావతి_మీదుగా:
పైవన్నీ సరే గానీ రంగూన్‌కి ఈ కొలతలేవీ మోసుకెళ్లకండి. బర్మావాళ్లు చేతులు జోడించేది బుద్ధుడికి, భిక్షువులకు, తల్లిదండ్రులకు, గురువులకు మాత్రమే. దాన్ని 'షికో' అంటారు. దారిన పోయేవాళ్లకు, దుకాణదారులకు అలా పెడితే తికమకపడతారు. చిరునవ్వు, కొంచెం తల వంపు, 'మింగలాబా'. అంతే. డబ్బులైనా వస్తువైనా పెద్దవాళ్లకు ఇచ్చేటప్పుడు కుడిచేత్తో ఇస్తూ, ఎడమచేత్తో కుడి మోచేతిని కింద నుంచి పట్టుకోండి. మాటల కంటే ఇది ఎక్కువ మర్యాదగా కనిపిస్తుంది. బడిపిల్లలు పెద్దల ముందు చేతులు కట్టుకుని నిలబడటం అక్కడ వినయానికి గుర్తు, మనకు తెలిసినదే.

రంగూన్‌లో తరాలుగా స్థిరపడ్డ తెలుగు కుటుంబాలున్నాయి. వాళ్లతో మాత్రం హాయిగా నమస్కారమండీ అనొచ్చు.

తల నిమరడం నాలుగు దేశాల్లోనూ వద్దు. ఒంట్లో తలే పవిత్రం, పాదాలు అధమం అని వాళ్ల లెక్క. పిల్లలైనా సరే. అమ్మగారు నవ్వి చెయ్యి ఊపితే చాలు. గుళ్లో కూర్చున్నప్పుడు పాదాలు బుద్ధుడి వైపు చాపకుండా పక్కకు మడుచుకోవాలి.

గోదారిగట్టు:
చాలా ఉపయోగం, అందరికీ ధన్యవాదాలు. ఇంకొకటి. కొంచెం పరిచయం కాగానే 'తిన్నారా', 'ఎక్కడికి' అని అడుగుతారట. ఏం చెప్పాలి?

మేకాంగ్_ఒడ్డున:
నిజానికి అసలు పాత పలకరింపులు అవే. 'సవాత్‌దీ'ని 1930ల్లో చులాలోంగ్‌కోన్ విశ్వవిద్యాలయంలో ఫ్రాయా ఉపకిత్ సిలపసాన్ వాడుకలోకి తెచ్చారు, 1943లో అప్పటి ప్రధాని ఫిబున్ ప్రభుత్వం అధికారికం చేసింది. బర్మా 'మింగలాబా' కూడా బ్రిటిషు వాళ్ల కాలంలో పుట్టిందే. ఇరుగుపొరుగు మధ్య ఇప్పటికీ అన్నం సంగతే ముందు. థాయ్‌లో 'కిన్ ఖావ్ రూ యాంగ్', జవాబు 'కిన్ లేవ్' (తిన్నాను). లావోస్‌లో 'కిన్ ఖావ్ లేవ్ బో', జవాబు దాదాపు అదే. బర్మాలో 'థమిన్ సా పీ బీ లా', జవాబు 'సా పీ బీ'. మన 'భోజనాలయ్యాయా' లాంటిదే కాబట్టి తినకపోయినా తిన్నామనే అనండి. ఇంకా లేదంటే వాళ్లు నిజంగానే వడ్డించే ఏర్పాటు చేస్తారు, లేదా ఇబ్బంది పడతారు.

'ఎక్కడికి' దగ్గర నాన్నగారికి కాస్త ముందుగా చెప్పి ఉంచండి. బయల్దేరేటప్పుడు ఎక్కడికని అడగడం మనకు అపశకునం, మొహం మాడ్చుకుంటాం. థాయ్ 'పై నై'లో ఆ ఉద్దేశమే లేదు, వివరం కూడా అక్కర్లేదు. 'పై థియావ్' (అలా తిరగడానికి) అంటే అయిపోయింది.

అంగ్కోర్_నడక:
లువాంగ్ ప్రబాంగ్ గురించి ఎవరూ పెద్దగా చెప్పలేదు. అక్కడ 'నోప్' అంటారు, 'సబాయిదీ' అంటూ ఛాతీ దగ్గర పెడితే రోజువారీకి సరిపోతుంది. హోటల్లో 'బాసీ' అనే క్రతువుకి పిలిస్తే వెళ్లండి. పెద్దవాళ్లు దీవిస్తూ మణికట్టుకు తెల్లని నూలుపోగు కడతారు. ఒక చెయ్యి కట్టించుకోవడానికి చాపి, రెండోది నోప్ పెట్టినట్టు మొహం దగ్గరికి ఎత్తి ఉంచాలి. పోగుల్ని కనీసం మూడు రోజులు ఉంచుకోవాలి. తర్వాత ముడి విప్పుకోవాలే గానీ కత్తెరతో తెంపకూడదు.